తబూక్ దారిలో రెండు పెద్ద సిలిండర్లు, లింబయ్య కాక

దమ్మామ్, జుబైల్ వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లకు ఈమధ్య కొత్త సరదా ఒకటి పట్టుకుంది. చలికాలం రాగానే బండి వెనక ట్రైలర్ తగిలించుకుని, పిల్లాపాపలతో ఉత్తరం దారి పట్టి తబూక్ కొండల దాకా వెళ్లొస్తున్నారు. మంచిదే. వెళ్లే ముందు నాకు ఫోన్ చేసి అందరూ అడిగేది ఒక్కటే: "అన్నా, ట్రైలర్‌కు గ్యాస్ సిలిండర్ ఎంతది పెట్టుకోవాలె?" ముప్పయ్యేళ్లు క్యాంపుల్లో పైపులూ పొయ్యిలూ బిగించినవాణ్ణి కాబట్టి అడుగుతారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ ఆ దారిలో నేను మొదటిసారి వెళ్లినప్పుడు జరిగింది చెప్పకపోతే అది సగం జవాబే అవుతుంది. మిగతా సగం చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. దారి, టైము, ఖర్చు అన్నీ ఇందులోనే వస్తాయి, కాస్త ఓపికగా చదవండి.

గల్ఫ్ యుద్ధం అయిపోయాక వచ్చిన రెండో చలికాలం అది. మాది జగిత్యాల దగ్గర పల్లె, నా పేరు గంగారాం. అప్పుడు రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో ఫిట్టర్‌ని. మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన లింబయ్య కాక మా మెస్సులో వంటమనిషి. యాభై దాటినవాడు. యుద్ధం రోజుల్లో సైరన్ మోగితే మేమంతా గోడమూలల్లో ముడుచుకునేవాళ్లం. ఆయన మాత్రం గ్యాస్ మాస్కు మెడలో వేలాడేసుకుని పొయ్యి ముందే నిలబడేవాడు. "పప్పు అడుగంటితె నన్నే తిడ్తరు. మిసైలు వచ్చినంక సూద్దాం తియ్" అనేవాడు. అలాంటి మనిషి, నేను చెబుతున్న ప్రయాణం నాటికి, ఏడాదిగా అగ్గిపుల్ల గీయలేదు.

ఏడాది కింద ఒక తెల్లవారుజామున ఆయన పొయ్యి వెలిగించగానే మంట కప్పు దాకా లేచింది. రెండు చేతులూ మణికట్ల దాకా కాలాయి, కనుబొమలు పోయాయి. నెలన్నర ఆసుపత్రిలో ఉన్నాడు. రాత్రి నాబ్ కట్టడం మరిచిపోయాడు, వంటవాడి నిర్లక్ష్యం అని ఆఫీసులో కాగితం రాసి ఫైల్లో పెట్టారు. ఆయనా అదే నమ్మాడు. చేతులు మానాయి గానీ పొయ్యి దగ్గరికి వెళ్లడం మానేశాడు. కూరగాయలు తరిగే పనిలో వేశారు.

అసలు సంగతి నాకు ఒక్కడికే తెలుసు. సిలిండర్ మెస్సు గోడకు అవతల, బయట ఉండేది. ఆ పొద్దున డ్యూటీకి వెళ్లే ముందు టీ పెట్టుకుందామంటే మంట సన్నగా వస్తోంది. మన హోటళ్లలో, ఇళ్లలో అందరూ చేసేదే చేశాను. సిలిండర్‌ని ఇటుక మీద పండబెట్టి అడుగున ఉన్న గ్యాసు పిండుకున్నాను. మంట పెరిగింది, టీ తాగాను, నాబ్ కట్టేశాను, సిలిండర్‌ని అలాగే వదిలేసి వెళ్లిపోయాను. అరగంట తర్వాత కేకలు విని అందరికంటే ముందు పరుగెత్తింది నేనే. వాల్వు కట్టేసి, ఎవరూ చూడకముందే సిలిండర్‌ని నిలబెట్టింది కూడా నేనే. నోరు విప్పితే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతారని భయపడ్డాను. ఇందులో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అప్పుడొచ్చింది తబూక్ పని. అక్కడి పెద్ద పొలాల పక్కన సర్వే చేస్తున్న మా వాళ్లు ముప్పైమందికి వంట ట్రైలర్ కావాలి. యుద్ధం అయ్యాక ఎవరో విదేశీ కాంట్రాక్టరు వదిలేసి వెళ్లిన ట్రైలర్ ఒకటి మా యార్డులో ఎండకు ఎండుతూ ఉంది. దాన్ని బాగుచేసి తీసుకెళ్లమని క్యాంపు ముదీర్, అంటే మేనేజరు, నాకు చెప్పాడు. వంటవాడిగా లింబయ్యను పంపండి అని అడిగాను. ముదీర్ నన్ను ఎగాదిగా చూసి షరతు పెట్టాడు. తబూక్‌లో శనివారం పొద్దున సేఫ్టీ ఆఫీసర్ ముందు లింబయ్య తన చేత్తో నాలుగు పొయ్యిలూ వెలిగించాలి. వెలిగిస్తే వంట పర్మిట్ ఆయన పేరు మీద వస్తుంది. లేదంటే ఖలాస్, అటునుంచి అటే ఎగ్జిట్. కూరగాయలు తరగడానికి ఇంకొకణ్ణి పోషించలేమన్నాడు. నేను సరేనన్నాను. కాకను పొయ్యి ముందు నిలబెట్టకుండా తబూక్ వదలకూడదని ఆ క్షణమే గట్టిగా అనుకున్నాను.

ఇక సిలిండర్ల సంగతి. ఇళ్లలో వాడే చిన్నవి ఎనిమిది తాళ్లతో కట్టేసుకుని పో అన్నాడు ముదీర్. నేను ఒప్పుకోలేదు. సిలిండర్ లోపల గ్యాసు నీళ్లలా ఉంటుంది. అది మరిగి ఆవిరై పైకి వస్తుంది. మరగడానికి కావలసిన వెచ్చదనాన్ని సిలిండర్ గోడల నుంచే లాక్కుంటుంది. ముప్పైమంది వంటకు నాలుగు పెద్ద పొయ్యిలు ఒకేసారి మండితే చిన్న సిలిండర్ మంచుముద్దలా చల్లబడి, లోపల గ్యాసు ఉన్నా మంట పడిపోతుంది. పెద్దదానికి గోడ ఎక్కువ, కాబట్టి తట్టుకుంటుంది. అందుకని నిలబెడితే నా ఛాతీ దాకా వచ్చే వంద పౌండ్లవి రెండు తీసుకున్నాను. ఒక్కోదానిలో గ్యాసే నలభై అయిదు కిలోలు, ఇనుము ఇంకో ముప్పై పైచిలుకు. అలాంటిదాన్ని ఎత్తకూడదు. వాల్వుకు టోపీ బిగించి, కొంచెం ఒరగనిచ్చి, అడుగు అంచు మీద రెండు చేతులతో తిప్పుకుంటూ నడిపించాలి. ట్రైలర్ ముక్కు మీద, బయట, ఇనుప బోను వెల్డింగ్ చేసి ఒక్కోదానికి కిందా పైనా రెండు గొలుసులు వేశాను. లోపల మాత్రం పెట్టకండి. లీకైన గ్యాసు గాలి కంటే బరువు, పైకి పోకుండా కిందే పరుచుకుంటుంది.

నట్టు బిగిస్తుంటే కాక నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాడు. "గదేందిరా, ఎడమకు తిప్పుతున్నవ్?"

"గ్యాసుకు ఉల్టా చుట్లు ఉంటయి కాకా. ఎడమకు తిప్పితెనే బిగుస్తది."

"దానికి అన్నీ ఉల్టానే" అని ముఖం తిప్పుకున్నాడు.

బుధవారం పొద్దున అయిదింటికి పికప్‌కు ట్రైలర్ తగిలించుకుని బయలుదేరాం. స్పాన్సరు అయిన కఫీల్ సంతకం ఉన్న కాగితం, ఇద్దరి ఇకామాలు అనే నివాస కార్డులు డ్యాష్‌బోర్డు మీదే పెట్టుకున్నాం, చెక్‌పోస్టుల్లో మాటిమాటికీ తీయాల్సి వస్తుంది కాబట్టి. రాస్ తనూరా నుంచి నువైరియా, హఫర్ అల్ బాతిన్, రఫ్హా, అరార్, సకాకా మీదుగా తబూక్. పదహారు వందల కిలోమీటర్ల పైమాటే. ట్రైలర్‌తో డెబ్బై దాటకూడదు కాబట్టి మూడు పగళ్లు పెట్టుకున్నాను. పెట్రోలు అప్పట్లో మంచినీళ్ల కంటే చవక. తిండికి ఇద్దరికీ రోజుకు ఇరవై రియాళ్లు సరిపోయేవి. ఇప్పటి ధరలు మీరే కనుక్కోండి.

నువైరియా ఇంకో అరగంట ఉందనగా ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. కుడికి, ఎడమకు, స్టీరింగ్ చేతిలో నిలవడం లేదు. బ్రేకు తొక్కకుండా మెల్లగా వేగం తగ్గించి పక్కకు ఆపాను. తప్పు నాదే. ముక్కు మీద రెండు సిలిండర్ల బరువు పడిందని, సరిచేయడానికి బియ్యం బస్తాలన్నీ తీసుకెళ్లి తోకలో వేశాను. ముక్కు బరువైతే పికప్ వెనక కుంగుతుంది, తోక బరువైతే ట్రైలర్ ఊగుతుంది. బస్తాలన్నీ చక్రాల మీదికి, నడిమికి జరిపాం. కాక నాకంటే ఎక్కువ మోశాడు. ఆ పనిలో ఆయన చేతులు ఎక్కడా తడబడలేదని గమనించాను. ఎనిమిదిన్నరకు నువైరియాలో రొట్టె, చిక్కుడుగింజల ఫూల్ తిని బయలుదేరాం. ఆ తర్వాత బండి తిన్నగా నడిచింది.

మధ్యాహ్నం రెండు దాటాక హఫర్ అల్ బాతిన్ చేరాం. రెండు సిలిండర్లలో ఒకటే నిండుగా ఉంది. మా వైపు రిఫైనరీ యార్డులో నింపిన అసలు ప్రొపేన్ అది. రెండోది నింపేలోపు యార్డు మూసేశారు. హఫర్‌లో దొరికేది ఇళ్లలో వాడే కలగలుపు గ్యాసు. అసర్ నమాజు అయ్యేదాకా ఆగి, మూడున్నరకు గ్యాసు కొట్టు తీయించాం. కొట్టతను పఠాన్, నిలువెత్తు మనిషి, మహా మర్యాదస్తుడు. ఆ మర్యాదతోనే చిక్కొచ్చింది.

"మెహమాన్ హో భాయ్, ఊపర్ తక్ భర్ దేతా హూఁ" అన్నాడు. అతిథులు కదా, పైదాకా నింపేస్తాడట.

"నహీ ఖాన్ భాయ్, అస్సీ టకా బస్." నూటికి ఎనభై వంతులు చాలన్నాను. ఎండకు గ్యాసు ఉబ్బుతుంది, ఉబ్బడానికి పైన ఖాళీ ఉండాలి. వాల్వు పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. నింపేటప్పుడు దాన్ని కొంచెం వదులు చేసి చూడాలి. అందులోంచి తెల్లగా తుంపర రాగానే ఆపేయాలి. అతను ఆపలేదు. నేనే వెళ్లి గొట్టం వాల్వు కట్టేశాను.

"డర్‌పోక్!" అన్నాడు నవ్వుతూ. పిరికివాడా అని.

"హాఁ భాయ్, డర్‌పోక్ హీ సహీ" అన్నాను, పిరికివాణ్ణే అనుకో అని. ఆ మాటకు కాక నా వైపు అదోలా చూశాడు. నేను దేనికి భయపడుతున్నానో ఆయనకు తెలియదు. పాతిక రియాళ్లు ఇచ్చి బయటపడ్డాం.

అక్కడే కాక తనకంటూ ఒక పని కల్పించుకున్నాడు. బట్టల సబ్బు పొడిని ఒక డబ్బాలో నురగ వచ్చేలా కలిపి, పాత బ్రష్షుతో వాల్వుకు, గొట్టానికి, ప్రతి అతుకుకూ పూశాడు. బుడగ లేస్తే లీకు ఉన్నట్టు. "నా చేతులను నేను నమ్మ. బుడగను నమ్ముత" అన్నాడు. ఆ పూట పెట్రోలు బంకు పక్కన ట్రైలర్ నిలిపి బుఖారీ అన్నం తింటుంటే మళ్లీ అదే మాట. "చేతులకు సోయి లేకుంట అయిందిరా గంగా. నాబ్ కట్టిన అని నాకు యాదికున్నది. గని కట్టలేదట. ఇంక దేన్ని నమ్మాలె?"

అక్కడే చెప్పేయాల్సింది. లేచి చేతులు కడుక్కున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

గురువారం ఆరింటికే కదిలాం. హఫర్ నుంచి అరార్ దాకా రోడ్డు పక్కన పాత ఆయిల్ పైపులైన్ తోడొస్తూనే ఉంటుంది. అప్పటికి యుద్ధం పోయి రెండేళ్లు కావస్తున్నా ఆ దారంతా దాని చెత్తే. ఇసుక గట్లు, చిరిగిన టెంటు గుడ్డలు, టైర్ల గుట్టలు, ఎండకు తెల్లబడ్డ నీళ్ల సీసాలు. రోడ్డు దిగొద్దని దారిలో ప్రతి చెక్‌పోస్టులో చెప్పేవాళ్లు, ఇసుకలో ఏం పేలకుండా పడి ఉందో తెలియదని. మేము ఒంటికి వెళ్లాలన్నా తారు అంచు దాటలేదు.

పదకొండుకు రఫ్హాలో ఆగి పఠాన్ నింపిన సిలిండర్ తెరిచి ఒక పొయ్యి వెలిగించాను. ప్రొపేన్ తబూక్ కోసం దాచుకుంటున్నాను. కాక ట్రైలర్ మెట్టు మీదే నిలబడి అక్కణ్ణించే వంట చేశాడనుకోండి. "నీళ్లు మసిలినంక చాయ్‌పత్తి వెయ్. ఇప్పుడే పాలు పొయ్యకు. ఆఁ, మంట తక్కువ చెయ్." ఏడాది తర్వాత ఆయన చెప్పిన టీ తాగాను. పెట్టింది నేనైనా రుచి ఆయనదే.

నాలుగున్నరకు అరార్. గాలి మొహాన్ని కోస్తోంది. లారీలు ఆగే మైదానంలో ట్రైలర్‌కు చెక్కలు వేసి నిలబెట్టాం. చెక్క సర్దుతూ కాక అడిగాడు: "శనివారం నాతోని కాకపోతే?"

"అయితది కాకా."

"నువ్వు ఎలిగియ్యరాదు? నేను పక్కకు నిలబడ్త."

"నీ చేతితోనే కావాలంటున్నరు. పర్మిట్ నీ పేరు మీద."

"రెండేండ్లు దొరికితె బోరు ఏపిచ్చి పసుపు పెట్టుకుందును" అన్నాడు. కొంచెం ఆగి, "గది కాకున్న సరే. చేతగాక అచ్చిండు అంటరు సూడు, గదే ఓర్సుకునుడు నాతోని అయితలేదు" అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆరింటికి లేచేసరికి బకెట్‌లో నీళ్ల మీద మంచుపొర కట్టింది. టీ పెడదామని పొయ్యి వెలిగించాను. మంట లేచి, నీలంగా చిన్నబోయి, గింజంత అయిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే సిలిండర్ బయట తెల్లగా మంచు. గ్యాసు అయిపోలేదు. ఆ కలగలుపు గ్యాసులో బ్యూటేన్ పాలు ఎక్కువ, గడ్డకట్టే చలిలో అది మరగదు. ఇది గుర్తుపెట్టుకోండి. చలి ఊళ్లకు వెళ్లేవాళ్లు ప్రొపేనే నింపించుకోవాలి. నేను పానా కోసం లోపలికి వెళ్లి తిరిగి వచ్చేసరికి కాక బోను దగ్గర ఉన్నాడు. పై గొలుసు విప్పేశాడు, కింద గొలుసు మీద చెయ్యి వేశాడు.

"అడుగున ఉన్నట్టున్నదిరా. పండబెడితె అస్తది. హైదరాబాద్ హోటళ్ల నేను ఎన్నిమాట్ల చేసిన! నువ్వు ఒక చెయ్యి పట్టు."

ఏడాదిగా సిలిండర్ నీడ కూడా తొక్కని మనిషి నాకు సాయం చేద్దామని దాన్ని కౌగిలించుకుని వంచుతున్నాడు. "ముట్టకు కాకా!" అని నేను అరిచిన అరుపుకు పక్క లారీ డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. కాక చేతులు వెనక్కి లాక్కున్నాడు, దొంగతనం చేస్తూ దొరికిన మనిషిలా. ఆ చేతుల్ని అలా చూడగానే ఇక నావల్ల కాలేదు.

"ఆ పొద్దుగాల నేనే పండబెట్టిన కాకా."

"ఏ పొద్దుగాల?"

"నీ చేతులు కాలిన పొద్దుగాల. టీ కోసం పండబెట్టి, గట్లనే ఇడిసిపెట్టి పోయిన. పండబెడితె లోపల నీళ్లలెక్క ఉన్నది సక్కగ గొట్టంలకు అస్తది. నువ్వు నాబ్ మంచిగనే కట్టినవ్. నువ్వు చేసిందాంట్ల తప్పేం లేకుండె. మంట లేచినంక ఉరికచ్చి నేనే నిలబెట్టిన. ఎవ్వలకు చెప్పలె."

ఆయన తన చేతులను తిప్పి చూసుకున్నాడు. గొంతు పెద్దది చేయలేదు. "ఏడాది. ఏడాది సంది ఈ చేతులను తిట్టుకుంటున్న. ఉప్పు డబ్బా మూత పెట్టినా మళ్ల వోయి సూసుకుంటున్న. నువ్వు రోజు నా పక్కకే కూసోని నేను కోసిన ఉల్లిగడ్డ తింటివి గద."

"తిన్న."

ఆయన వెళ్లి పికప్‌లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. నేను గొలుసు బిగించి, ఆ సిలిండర్ వాల్వు కట్టేసి, కదిలాను. టీ లేదు.

అరార్ నుంచి సకాకా రెండున్నర గంటలు. శుక్రవారం కాబట్టి జుమ్మా నమాజుకు అన్నీ మూసేస్తారు, పదిన్నర లోపలే పెట్రోలు పోయించుకోవాలి. సకాకా బంకులో ఆగాక ఆయనే నోరు విప్పాడు.

"ఎందుకు చెప్పలె?"

"ఎగ్జిట్ కొడతరని భయమైంది."

"నాకు కొడ్తే?"

పెట్రోలుకు డబ్బులిచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాను.

సకాకా దాటాక తబూక్ దాకా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ఎడారే. సగం దూరం పోయాక ఉన్నట్టుండి, "పండబెడితె ఏమైతది? సక్కగ చెప్పు" అన్నాడు. చెప్పాను. నిలబెడితే పైన ఆవిరి ఉంటుంది, వాల్వులోకి ఆవిరే వస్తుంది. పండబెడితే వాల్వు నీళ్లలాంటి గ్యాసులో మునుగుతుంది. గరిటెడు పోయాల్సిన చోట బిందెడు పోసినట్టు, పొయ్యిలోకి వచ్చాక అదంతా ఒక్కసారే ఆవిరై అంటుకుంటుంది. రెగ్యులేటర్‌కు అది ఆగదు. ఆయన మళ్లీ చెప్పమన్నాడు. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. మూడోసారి వింటున్నప్పుడు కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, బొటనవేలు చూపుడువేలు కలిపి నాబ్ కట్టినట్టు తిప్పి చూసుకున్నాడు. నేను రోడ్డు వైపే చూస్తున్నట్టు నటించాను.

సాయంత్రం ఆరున్నరకు తబూక్ సైటు చేరాం. శనివారం పొద్దున ఏడింటికి సేఫ్టీ ఆఫీసర్ వచ్చాడు. ఫిలిప్పీన్స్ మనిషి, పొట్టివాడు, చేతిలో అట్ట, పెన్ను. వెనక ముప్పైమంది టీ కోసం నిలబడ్డారు. గొలుసులు లాగి చూశాడు, బోను ఊపి చూశాడు, గొట్టం మీద తారీఖు చదివాడు. "కుక్?" అన్నాడు.

కాక ముందుకొచ్చాడు. నేను అగ్గిపెట్టె ఇవ్వబోయాను. "నువ్వు బయటికి నడు" అన్నాడు. బయటికి వచ్చాను. తనే బోను దగ్గరికి వెళ్లాడు. రెండు సిలిండర్లనూ పైనుంచి కిందికి చూసి, అరచెయ్యితో ఒక్కో తోపు తోసి, అందరూ వినేలా నన్ను అడిగాడు.

"దీన్ని ఆఖరికి ఎవలు ముట్టిండ్రు?"

"నేనే కాకా. నిన్న అరార్ల. నిలబడే ఉన్నది."

"సరె."

ప్రొపేన్ వాల్వు తెరిచాడు. ఎవరూ చెప్పకుండానే సబ్బు నురగ తెచ్చి అతుకులన్నిటికీ పూశాడు. ఆఫీసర్ వంగి బుడగల కోసం చూసి తలూపాడు. మొదటి అగ్గిపుల్ల గీయగానే ఆరిపోయింది. ఎవరో నవ్వబోతే ఇంకెవరో ఊరుకోమన్నారు. కాక ఆ పుల్లను జేబులో వేసుకుని రెండోది గీశాడు. పొయ్యి అందుకుంది. నీలంగా, నిలకడగా, గుండ్రంగా. అదే పుల్లతో రెండోదీ వెలిగించి, ఇంకో పుల్లతో మిగతా రెండూ వెలిగించాడు. ఆఫీసర్ సంతకం పెడుతుంటే ఆయన అటు చూడనైనా లేదు. పెద్ద గిన్నె ఎత్తి నీళ్లు పెట్టేశాడు. నేను ట్రైలర్ వెనక్కి వెళ్లి కాసేపు ఏడ్చాను.

టీ అందరికీ అయ్యాక నాకూ ఒక గ్లాసు వచ్చింది. దానితోపాటు మాట కూడా. "ఆఫీసుల నా పేరు మీద కాయితం ఉన్నది. గది మార్పియ్యి." అంతే. రాస్ తనూరా తిరిగి వెళ్లిన రోజే ముదీర్ ముందు నిలబడి జరిగింది చెప్పాను. అరగంట తిట్టాడు. ఎగ్జిట్ కొట్టలేదు గానీ ఫిట్టర్ పని తీసేసి ఏడాది హెల్పర్‌గా పెట్టాడు. కొత్త కాగితం రాయించి దాని నకలు తబూక్‌కు నేనే పంపాను. అది ఇంగ్లీషులో ఉంది, కాక చదవలేడు. అయినా మడిచి ఇకామా కవరులో పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

రెండేళ్లు అనుకున్నది ఆయన అక్కడ ఆరేళ్లు వండాడు. ఊళ్లో బోరు పడింది, పసుపూ పండింది. నేను పని మీద తబూక్ వెళ్లినప్పుడల్లా అన్నం పెట్టేవాడు, సిలిండర్ వైపు మాత్రం నన్ను వెళ్లనిచ్చేవాడు కాదు. నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు, అడిగే హక్కు నాకు లేదనిపించింది. ఆ దారిలో ఇప్పుడు వెళ్లేవాళ్లకు యుద్ధం ఆనవాళ్లు పెద్దగా కనబడవు. నాకు మాత్రం అరార్ మైదానం కనబడితే చాలు, చేతులు వెనక్కి లాక్కున్న కాకే గుర్తొస్తాడు. మిసైళ్లకు బెదరని మనిషిని తన చేతులకే భయపడేలా చేసింది నా అరగ్లాసు టీ.

మీరడిగిన దానికి జవాబు: ఇంటిల్లిపాది ప్రయాణానికి నేను తీసుకెళ్లినంత రాక్షసి సిలిండర్లు అక్కర్లేదు. ఒక్క మనిషి ఎత్తగలిగేవి రెండు, ప్రొపేన్‌వి, బయట నిలబెట్టి గొలుసు వేసుకోండి. దారిలో వాల్వు కట్టేసి ఉంచండి. మంట తగ్గితే రెండోది తెరవండి, మొదటిదాన్ని పండబెట్టకండి. పొయ్యి వెలిగించే ముందు సిలిండర్‌ని ఆఖరికి ఎవరు ముట్టారో అడగండి. ముట్టింది మీరే అయితే, అడగకముందే చెప్పండి.